అప్‌డేట్: పరిశోధన కోసం రోగుల నడకను వీడియో తీయడం

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారి నడకను వీడియో తీయడానికి చికిత్స కోసం పెట్టిన సంతకమే చాలునా అని లోగడ అడిగాను. మా గుంటూరు క్లినిక్ ప్రతిపాదనను పరిశీలించిన ఎథిక్స్ కమిటీ చాలదని తేల్చి, చిత్రీకరణకు విడిగా లిఖిత సమ్మతి కోరింది. ప్రచురించే చిత్రంలో రోగి ఎవరో బయటపడే అవకాశముంటే, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం సమ్మతిని మళ్లీ తీసుకోవాలి.

నడుము కింది భాగమే తీస్తే గొడవ ఉండదని కొందరు సూచించారు గానీ, కాలును అర్ధచంద్రాకారంగా తిప్పి వేసేటప్పుడు తుంటి ఎంత లేస్తోందో, మోచేయి ఎలా ముడుచుకుంటోందో కూడా కనిపించకపోతే ఆ వీడియో మా పనికి కొరగాదు. అందుకే మనిషిని పూర్తిగా తీసి ముఖాన్ని మసకబరుస్తాం.

సమ్మతి ప్రక్రియనే చిత్రీకరించాలన్న 2019 నాటి నిబంధన కొన్ని కొత్త ఔషధ పరీక్షలకు సంబంధించినది, మాకు వర్తించదు. వరండాలో వేచి ఉండే సహాయకులు ఫ్రేములోకి వస్తున్నందున చిత్రీకరణను ఫిజియోథెరపీ గదికి మార్చాం.