రిసార్టు కొలనులో మునిగి చనిపోతే: యాజమాన్యం ఇచ్చే డబ్బు తీసుకుని సంతకం పెట్టాలా, కేసు నడపాలా?

నీటిగట్టు:
చర్చకు ఒక పరిస్థితి పెడుతున్నాను. ఏదో ఒక ఘటన గురించి కాదు, ఏటా వేసవిలో ఎక్కడో ఒకచోట జరిగేదే. 22 ఏళ్ళ అబ్బాయి, నెల జీతం 20,000, పెళ్ళి కాలేదు. స్నేహితులతో కలిసి ఊరి బయట రిసార్టుకు టికెట్టు కొనుక్కుని వెళ్ళాడు, కొలనులో మునిగి చనిపోయాడు. ఆ రాత్రే మార్చురీ దగ్గరికి యాజమాన్యం తరఫున పెద్దమనుషులు వచ్చారు. 8 లక్షలు ఇస్తాం, ఎవరి మీదా అనుమానం లేదనీ ఇకముందు ఏ కేసూ వేయమనీ రాసివ్వండి అన్నారు. తల్లిదండ్రులు ఏం చేయాలి? ఆ కాగితం మీద సంతకం పెట్టకూడదనేదే నా వాదన. కాదనేవాళ్ళు కారణాలతో సహా చెప్పండి.

జిల్లా బార్:
సంతకం పెట్టొద్దని మనం ఇక్కడ కూర్చుని చెప్పడం తేలికండీ. క్రిమినల్ కేసు ఎలా నడుస్తుందో కూడా చెప్పాలి కదా. నిర్లక్ష్యం వల్ల మరణం అంటే బీఎన్‌ఎస్ (భారతీయ న్యాయ సంహిత, ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 106(1). శిక్ష ఐదేళ్ళ వరకు, పాత ఐపీసీ 304ఏలో రెండేళ్ళే ఉండేది. పెరిగింది నిజమే, కానీ ఇది బెయిలబుల్. ఏడేళ్ళలోపు శిక్ష ఉన్న నేరం కాబట్టి పోలీసులు సాధారణంగా నోటీసు ఇచ్చి పంపేస్తారు. మేనేజరు మర్నాడే డ్యూటీలో కనిపిస్తాడు. విచారణకు వచ్చేసరికి స్నేహితులు ఉద్యోగాలకని తలో ఊరూ వెళ్ళిపోయి ఉంటారు, ఒకరిద్దరు అడ్డం తిరుగుతారు. చివరికి శిక్ష పడినా 106 కింద తల్లిదండ్రులకు చేతికి పెద్దగా ఏమీ రాదు. ఇల్లు గడవాల్సిన కుటుంబానికి రాజీ తప్పేమీ కాదు. 8 లక్షలు తక్కువ, అంతవరకు ఒప్పుకుంటాను.

కమిషన్ మెట్లు:
ఎంత తక్కువో లెక్క వేద్దాం. సుప్రీంకోర్టు సరళా వర్మ (2009), ప్రణయ్ సేథీ (2017) తీర్పుల్లో ఇచ్చిన పద్ధతి రోడ్డు ప్రమాదాల కోసం పుట్టింది. మిగతా మరణాలకు కూడా కోర్టులు దాన్నే కొలబద్దగా వాడుకుంటున్నాయి. ఏడాది జీతం 2,40,000. పర్మనెంటు కాని కొలువు, వయసు 40 లోపు కాబట్టి భవిష్యత్తు పెరుగుదల కింద 40 శాతం కలిపితే 3,36,000. పెళ్ళి కానివాడు గనక సొంత ఖర్చులకు సగం తీసేస్తే 1,68,000. దీన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చవేస్తారు, 22 ఏళ్ళకు అది 18. మొత్తం 30,24,000. దహన ఖర్చులు, తల్లిదండ్రులు కోల్పోయిన అండ లాంటి పద్దులు దీనిపైన వస్తాయి. కోర్టు అబ్బాయి పొరపాటు కొంత ఉందని పాతిక శాతం కోసినా 22 లక్షలు దాటుతుంది. మార్చురీ ముందు చెప్పే అంకెకూ దీనికీ పోలిక లేదు. అందుకే అంత తొందర పెడతారు.

కొలను లోతు:
డబ్బు మాట తర్వాత. మొదటి 48 గంటల్లో సాక్ష్యం నిలబెట్టుకోకపోతే రాజీకి బలం ఉండదు, కేసుకూ ఉండదు. కొలను ప్రమాదాల్లో నిర్లక్ష్యం ఎక్కడ దాగి ఉంటుందో చెబుతాను.

నీళ్ళు మసకగా ఉన్నాయా? లోతు వైపు నేల మీద ఉన్న గీతలు గట్టు మీద నుంచి కనిపించకపోతే ఆ రోజు కొలను తెరవకూడదు. మునిగిన మనిషి నిమిషాల తరబడి అడుగున ఉన్నా ఎవరూ చూడకపోవడానికి ఎక్కువగా ఇదే కారణం. మర్నాటికల్లా ఫిల్టరు నడిపి, క్లోరిన్ వేసి నీళ్ళు తేటగా చేసేస్తారు. కాబట్టి స్నేహితుల ఫోన్లలో ఉన్న ఆనాటి ఫోటోలూ వీడియోలూ ఒక్కటి కూడా చెరపకూడదు. వాట్సాప్‌లో పంపితే అసలు వివరాలు పోతాయి, ఆ ఫోనే దాచాలి.

ఇంకా చూడాల్సినవి: లోతు అంకెలు గట్టు మీద రాసి ఉన్నాయా, లోతు హఠాత్తుగా పెరిగే చోట తాడు ఉందా, గాలి నింపిన ట్యూబు, పొడవాటి కర్ర చేతికి అందేలా ఉన్నాయా, లైఫ్‌గార్డు అని చూపిస్తున్నవాడు నిజానికి టవళ్ళు ఇచ్చే కుర్రాడేనా. అతని శిక్షణ సర్టిఫికెట్టు, హాజరు పుస్తకం, ఆ నెల జీతం చెల్లించిన రికార్డు అడిగితే నిజం తేలిపోతుంది. బయటికి తీశాక ఎవరైనా నోట్లో ఊపిరి ఊదారా, లేక పొట్ట నొక్కి నీళ్ళు కక్కించే ప్రయత్నంలో సమయం పోగొట్టారా అన్నది కూడా రాయించాలి. 108కి ఫోన్ వెళ్ళిన సమయం కాల్ రికార్డులో ఉంటుంది.

సీసీ కెమెరా రికార్డరు కొద్ది రోజులకే పాత దృశ్యాల మీద కొత్తవి రాసుకుంటుంది. ఫుటేజీ భద్రపరచమని రిసార్టుకు రిజిస్టర్డ్ పోస్టులో, పోలీసులకు దరఖాస్తుగా ఆ వారంలోనే ఇవ్వాలి. తర్వాత కోర్టులో దాఖలు చేయడానికి భారతీయ సాక్ష్య అధినియమం 63 కింద సర్టిఫికెట్టు కావాలి. అందులో రెండు భాగాలు ఉంటాయి, రెండోది నిపుణుడు సంతకం చేయాలి. ఇది లేదనే కారణంతో మంచి వీడియో కూడా పక్కన పడిపోతుంది.

నీటిగట్టు:
నేను చెప్పాలనుకున్నదీ ఇదే. స్టేషన్‌లో మొదటి దరఖాస్తు రైటరు చేత రాయిస్తారు. "కాలు జారి ప్రమాదవశాత్తూ నీటిలో పడి చనిపోయాడు, ఎవరిపైనా అనుమానం లేదు" అన్న వాక్యం దాదాపు అచ్చు వేసినట్టు వస్తుంది. దాంతో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చినది) 194 కింద అసహజ మరణంగా నమోదు చేసి, శవ పంచనామాతో ఫైలు మూసేస్తారు. దుఃఖంలో ఉన్న తండ్రి ఆ వాక్యం చదవకుండానే సంతకం పెడతాడు. ఆ తర్వాత ఏ కోర్టుకు వెళ్ళినా అవతలి వకీలు మొట్టమొదట తీసేది ఆ కాగితమే.

జిల్లా బార్:
ఆ వాక్యం రాయకూడదన్న మాట నూటికి నూరుపాళ్ళూ ఒప్పుకుంటాను. రాజీకీ దానికీ సంబంధం లేదు. దరఖాస్తులో ఎన్ని గంటలకు జరిగింది, ఎవరు చూశారు, లైఫ్‌గార్డు లేడు, లోతు రాసి లేదు అని చూసిన విషయాలు చూసినట్టు రాయాలి, "యాజమాన్యం నిర్లక్ష్యంపై విచారణ జరపండి" అని ముగించాలి. పోస్టుమార్టం వద్దని మాత్రం అనకండి. రిపోర్టు లేకపోతే బీమా కూడా చిక్కుల్లో పడుతుంది.

ఎఫ్‌ఐఆర్ వెంటనే కట్టకపోతే కంగారు పడొద్దు, అలాగని ఊరుకోవద్దు కూడా. మూడేళ్ళ నుంచి ఏడేళ్ళలోపు శిక్ష పడే నేరాల్లో డీఎస్పీ అనుమతితో 14 రోజుల్లో ప్రాథమిక విచారణ చేసుకునే వీలు బీఎన్‌ఎస్‌ఎస్ 173(3)లో ఉంది, 106(1) ఆ పరిధిలోకే వస్తుంది. ఆ గడువు తర్వాత కూడా కదలిక లేకపోతే ఎస్పీకి లిఖితపూర్వకంగా 173(4) కింద, అక్కడా పని జరగకపోతే మేజిస్ట్రేటు దగ్గర 175(3) కింద. వరుస తప్పితే పిటిషన్ వెనక్కి వస్తుంది.

రాజీ కాగితం గురించి కూడా ఒక మాట. 106 రాజీకి వీలైన నేరం కాదు. క్రిమినల్ కేసు నడపనివ్వం అని డబ్బుకు ఒప్పందం రాసుకుంటే కాంట్రాక్టు చట్టం 23 ప్రకారం ఆ షరతు చెల్లదు. పరిహారం వరకు మాట్లాడుకోవచ్చు, అదీ వకీలు చూశాక, చెక్కు రూపంలో, ఏ పద్దు కింద ఎంత అని రాసుకుని. చనిపోయిన వ్యక్తికి మైనరు పిల్లలు ఉండి దావా నడుస్తుంటే కోర్టు అనుమతి లేకుండా వాళ్ళ తరఫున రాజీ కుదరదు.

కమిషన్ మెట్లు:
ఇక ఎక్కడ అడగాలి అన్నది. ఈ పరిస్థితిలో నా ఓటు జిల్లా వినియోగదారుల కమిషన్‌కే. టికెట్టు కొన్నాడు కాబట్టి వినియోగదారుడు, చనిపోయాక వారసులు ఫిర్యాదు చేయవచ్చు. 2019 చట్టంలో పరిధి చెల్లించిన సొమ్మును బట్టి ఉంటుంది. టికెట్టు 1,500 అయితే అడిగేది 30 లక్షలైనా జిల్లా కమిషనే, ఫీజు సున్నా. కుటుంబం నివసించే జిల్లాలోనే వేసుకోవచ్చు, రిసార్టు ఉన్న చోటికి తిరగక్కర్లేదు. అవతలివాళ్ళు 30 రోజుల్లో, మహా అయితే ఇంకో 15 రోజుల్లో జవాబు వేయాలి. అంతకు మించి గడువు లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. రెండేళ్ళలోపు వేయాలి. "మీ సొంత బాధ్యతపై దిగండి" అన్న బోర్డు చూసి చాలామంది వెనక్కి తగ్గుతారు. భద్రత ఏర్పాటు చేయాల్సిన బాధ్యత బోర్డు పెట్టినంత మాత్రాన పోదు.

జిల్లా బార్:
అవతలివాళ్ళు తాగి దిగాడు, వద్దన్నా లోతు వైపు వెళ్ళాడు అని వాదించి, ఇది పెద్ద సాక్ష్య విచారణ కావాల్సిన విషయం అంటే కమిషన్ సివిల్ కోర్టుకు వెళ్ళమనొచ్చు. అప్పటికి ప్రాణాంతక ప్రమాదాల చట్టం, 1855 కింద దావాకు ఉన్న గడువు దాటిపోతే? అదీ మరణం నుంచి రెండేళ్ళే. నేనైతే మొదటి ఏడాదిలోనే కమిషన్‌లో వేసేయమంటాను. సివిల్ దావాకు కోర్టు ఫీజు అడిగిన మొత్తం మీద కట్టాలి. కట్టలేనివాళ్ళు సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 33 కింద మినహాయింపు అడగొచ్చు. తల్లి పేరుతో వేస్తే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది, మహిళలకు ఆదాయ పరిమితి లేదు.

ఓరుగల్లు తల్లి:
రిసార్టు కాకుండా కాలేజీ టూరులో జరిగితే? అప్పుడూ వినియోగదారుల కమిషనేనా?

కమిషన్ మెట్లు:
అమ్మా, అక్కడే చాలామంది దెబ్బ తింటున్నారు. 2020 జనవరిలో జాతీయ కమిషన్ మను సోలంకి కేసులో విద్యా సంస్థలను, వాళ్ళు తీసుకెళ్ళే విహార యాత్రలూ ఈత శిక్షణతో సహా, వినియోగదారుల చట్టం బయట పెట్టింది. కోచింగ్ సెంటర్లు మాత్రమే లోపల ఉన్నాయి. కాలేజీ మీద కమిషన్‌లో వేస్తే మొదటి అభ్యంతరం ఈ తీర్పే. టూరు నడిపిన ట్రావెల్స్, దిగిన హోటల్ మీద అయితే దారి వేరు.

జిల్లా బార్:
కాలేజీ, ప్రభుత్వం రెండూ ఉన్న చోట హైకోర్టులో రిట్ బలమైన దారి. 1995 మేలో డల్హౌసీ పబ్లిక్ స్కూల్, బధానీ పిల్లలు పిక్నిక్‌కు వెళ్ళి బియాస్ నదిలో 14 మంది మునిగిపోయారు. ఒక్కొక్కరికి 5 లక్షలు ఇమ్మన్న తీర్పును సుప్రీంకోర్టు 2001లో ఎం.ఎస్. గ్రేవాల్ కేసులో నిలబెట్టింది. పిల్లలను తీసుకెళ్ళిన ఉపాధ్యాయుల నిర్లక్ష్యానికి స్కూలే బాధ్యత వహించాలన్నది దాని సారం.

మనకు దగ్గరిది 2014 జూన్ 8. అదే బియాస్, మండీ జిల్లా. లార్జీ ప్రాజెక్టు నుంచి ఒక్కసారిగా నీళ్ళు వదలడంతో హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది కొట్టుకుపోయారు. హిమాచల్ హైకోర్టు తనంతట తానే విచారణకు తీసుకుని, 2016 జనవరిలో ఒక్కో కుటుంబానికి 20 లక్షలు, వడ్డీతో ఇమ్మంది. అందులో విద్యుత్ బోర్డుది 60 శాతం, కాలేజీది 30, రాష్ట్ర ప్రభుత్వానిది 10. ఆ వాటాలు చూడండి. నీళ్ళు వదిలినవాడిదీ, పిల్లలను అక్కడికి తీసుకెళ్ళినవాడిదీ, హెచ్చరిక లేకుండా ఊరుకున్నవాడిదీ విడివిడిగా లెక్కగట్టారు. అందుకే ఎవరో ఒకరి మీద కాకుండా బాధ్యులందరినీ పార్టీలుగా చేర్చమంటాను.

బీమా ఫైలు:
అందరూ కోర్టులే చెబుతున్నారు. ముందు ఇంట్లో బ్యాంకు పాసుపుస్తకం తీయండి. ఏటా 20 రూపాయలు కట్ అయి ఉంటే ప్రధానమంత్రి సురక్షా బీమా ఉన్నట్టే, ప్రమాద మరణానికి 2 లక్షలు. మునిగి చనిపోవడం ప్రమాదమే. 30 రోజుల్లో బ్యాంకుకు క్లెయిము ఇవ్వాలి. ఎఫ్‌ఐఆర్ లేదా పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, మరణ ధ్రువపత్రం జత చేయాలి. ఏటీఎం కార్డు మీద కూడా ప్రమాద బీమా ఉండొచ్చు, బ్యాంకులో అడగండి. తెలంగాణ రైతు కుటుంబమైతే, చనిపోయినది 18 నుంచి 59 ఏళ్ళ పట్టాదారు అయితే రైతు బీమా 5 లక్షలు, మరణ కారణంతో పనిలేదు. ఇవి తీసుకున్నంత మాత్రాన రిసార్టు మీద దావా పోదు.

ఆలస్యం అయ్యేది విసెరా (పోస్టుమార్టంలో తీసిన అవయవాల నమూనాలు) పరీక్ష దగ్గర. మద్యం అనుమానం ఉంటే ఎఫ్‌ఎస్‌ఎల్ (ఫోరెన్సిక్ ల్యాబ్) రిపోర్టు వచ్చేదాకా బీమా కంపెనీ ఫైలు కదపదు. క్లెయిము గడువులో ఇచ్చి, రిపోర్టు తర్వాత జత చేస్తామని రాతపూర్వకంగా చెప్పండి. రిపోర్టు కోసం ఆగి గడువు పోగొట్టుకోవద్దు.

ఇంకొకటి, రిసార్టుకు ప్రజా బాధ్యత పాలసీ (వచ్చినవాళ్ళకు హాని జరిగితే యజమాని తరఫున పరిహారం కట్టే బీమా) ఉందేమో నోటీసులోనే అడగండి. ఉంటే ఆ బీమా కంపెనీని కూడా పార్టీగా చేర్చాలి. ఈ పాలసీల్లో కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా యజమాని తప్పు ఒప్పుకోకూడదు, డబ్బు ఇస్తానని మాట ఇవ్వకూడదు అని మామూలుగా ఒక షరతు ఉంటుంది. మార్చురీ దగ్గర చేతిలో పెట్టే నగదు యజమాని జేబులోది. అసలు పెద్ద మొత్తం ఉన్న చోటును ఆ రాత్రి ఎవరూ ఎత్తరు.

నీటిగట్టు:
జిల్లా బార్ గారూ, చివరిగా మీరు తేల్చండి. ఆ రాత్రి 8 లక్షలు తీసుకోవచ్చా?

జిల్లా బార్:
అంత్యక్రియల ఖర్చులకు తీసుకోవచ్చు. రసీదులో "తుది పరిహారంలో సర్దుబాటు షరతుతో మధ్యంతరంగా ముట్టినది" అని రాసి, హక్కులు వదులుకున్నట్టు ఒక్క మాట కూడా లేకుండా చూసుకోవాలి. వాళ్ళు అలా రాయడానికి ఒప్పుకోకపోతే నా ఓటు కూడా మీకే.