సమస్య: శుక్రవారమయ్యె సూర్యదినము

పృచ్ఛకుడు (సమస్యను ఇచ్చినవారు): మాల్దీవులలోని దాదాపు 1,200 దీవులలో జనావాసం ఉన్నవి 200కు లోపే. వాటిలో ఒకదానికి ఉపాధ్యాయునిగా వచ్చి మూడు వారాలైంది. ఒక చివర నుండి మరో చివరకు ఇరవై నిమిషాలలో నడిచి వెళ్ళగలిగే ఈ ఊరిలో నన్ను అన్నింటికన్నా ఎక్కువగా తికమకపెట్టినది సముద్రం కాదు, వారం. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవు. ఆదివారం ఉదయం బడిగంట మోగుతుంది. ఈ సమస్య ఆ తికమకలోనే పుట్టింది. ఇది ఆటవెలది నాలుగవ పాదం; ముందరి మూడు పాదాలు మీరు పూరించాలి. భానువారము అనకుండా సూర్యదినము అన్నది యతి కోసమే, అంటే పాదం మొదటి అక్షరానికీ నాలుగవ గణం మొదటి అక్షరానికీ ఉండవలసిన మైత్రి కోసమే; శు-సూ మైత్రి అక్కడ నిలుస్తుంది. కొత్తగా వచ్చినవారి కంటికి కనిపించే దీవి జీవితమే పూరణలో వస్తువు కావాలని మనవి.

మొదటి పూరణ (అడ్డు అటోల్‌లోని, అంటే ఆ పేరుగల పగడపు దీవుల వలయంలోని, ఉపాధ్యాయురాలు):

ఆదివారమందు నారింటికే లేచి
బడికి నడచు నాకు భాగ్యమనగ
దీవి యంత నిదుర తీరగా లేచెడి
శుక్రవారమయ్యె సూర్యదినము

పృచ్ఛకుడు: అమ్మా, మూడవ పాదం చదవగానే నా వీధి కళ్ళకు కట్టింది. మిగిలిన రోజులలో తెల్లవారకముందే ఎదురింటి ఆవిడ ఈనెల చీపురుతో వాకిట్లోని ఇసుకను ఊడుస్తుంది. ఆ గీతల మీద మొదటి అడుగు వేయడానికి నాకు మనసొప్పదు. శుక్రవారం నాడు ఆ చప్పుడు ఆలస్యంగా వినిపిస్తుంది, దాని వెంటే మస్‌హునికి కొబ్బరి తురిమే చప్పుడు మొదలవుతుంది. ట్యూనా, కొబ్బరి, ఉల్లి, మిరప, నిమ్మరసం చేత్తో నలిపి కలిపిన ఆ వంటకాన్ని రొషి అనే రొట్టెతో తింటారు. మీ పద్యంలో ‘దీవి యంత’ అన్నది అతిశయోక్తి కాదు, వాస్తవం.

రెండవ పూరణ (విజయవాడ నుండి వచ్చిన ఆసుపత్రి ఉద్యోగి):

వాన వాన యనుచు వారమ్ము గడువగా
పడవ రాక కూర పప్పు లేక
మబ్బు వీడి తీర మంత వెల్గులు నిండ
శుక్రవారమయ్యె సూర్యదినము

పృచ్ఛకుడు: సూర్యదినమును ఆదివారంగా కాక ఎండ కాసిన రోజుగా తీసుకొని మీరు సమస్యను విడదీసిన తీరు నాకు తట్టనిది. నైరుతి రుతుపవనాన్ని ఇక్కడివారు హుళంగు అంటారు. ఆ కాలంలో సముద్రం కల్లోలమైతే రాజధాని మాలే నుండి రావలసిన సరుకుల పడవ ఆగిపోతుంది, దుకాణంలో ఉల్లిపాయల గంప ఖాళీ అవుతుంది. కాబట్టి రెండవ పాదంలోని ఆకలి నిజమైనది. అయితే మూడవ పాదంలో ‘తీరము + అంత’ అని విడదీస్తే యతిస్థానంలో అచ్చు నిలుస్తుంది, మకారం నిలవదు. సంధిని విడదీయకుండా హల్లుకే మైత్రి చూపే ఇది అఖండయతి, దీనిని వాడిన కవులు ఉన్నా నేను ఒప్పుకోలేను. ‘మబ్బు వీడి దీవి మరల వెలుగు జూడ’ అంటే దోషం తొలగుతుంది, మీ భావమూ చెడదు.

రెండవ పూరణకర్త: సవరణ శిరోధార్యం. దీవియే వెలుగును చూసిందనడం నా మాట కన్నా బాగుంది.

మూడవ పూరణ (కువైట్‌లో కొన్నేళ్ళు పనిచేసి ఇప్పుడు మాలేలో ఉన్న సభ్యుడు):

వచ్చినంత దెలిసె వారపు లెక్కయే
తారుమారటంచు తల్లితోడ
ఫోను లోన జెప్పి పొంగుచు నవ్వితి
శుక్రవారమయ్యె సూర్యదినము

మొదటి పూరణకర్త: పద్యం సాఫీగా నడిచింది, అమ్మతో చెప్పుకోవడం మనసుకు హత్తుకుంది. కానీ అన్నగారూ, ఇందులో దీవి ఎక్కడుంది? యుఏఈ 2022 జనవరిలో వారాంతాన్ని శని, ఆదివారాలకు మార్చుకున్నది గాని, కువైట్‌లో ఇప్పటికీ శుక్ర, శనివారాలే సెలవు. ఈ పద్యాన్ని మీరు అక్కడి నుండే పంపినా ఒక్క అక్షరం మార్చవలసిన పని ఉండదు.

పృచ్ఛకుడు: ఈ విమర్శ న్యాయమైనదే. గణయతులు సరిపోయినంత మాత్రాన సమస్య తీరినట్లు కాదని నేను గట్టిగా నమ్ముతాను. పద్యంలోని స్థలాన్ని మరో చోటికి మార్చడం సాధ్యం కాకూడదు. నా ప్రయత్నం కూడా మీ ముందు పెడుతున్నాను, నిర్మొహమాటంగా చెప్పండి. ఇక్కడ తీరాన ఇనుప చట్రానికి తాళ్ళ వల బిగించిన ఆసనాలు ఉంటాయి. వాటిని జోలి అంటారు. మన జోలె జ్ఞాపకం వచ్చి ఆ మాట నాకు మొదటి రోజే దగ్గరైంది.

జోలి వలల లోన జుట్టాలు కూర్చుండి
కొబ్బరాకు నీడ గొంతు కలిపి
అలలు వినుచు పొద్దు నంత గడుపునట్టి
శుక్రవారమయ్యె సూర్యదినము

రెండవ పూరణకర్త: నాలుగవ పాదంలోని సూర్యునికి మూడవ పాదంలోని ‘పొద్దు’ చక్కగా అమరింది. అయితే మధ్యాహ్నం నమాజు వేళకు ఆ జోలులన్నీ ఖాళీ అవుతాయి, దుకాణాలూ మూతపడతాయి. ఆ నిశ్శబ్దం మీ పద్యంలోకి రాలేదు. రోజంతా అనే అర్థంలో వాడిన ‘పొద్దు నంత’ అన్న మాటను ఒకసారి చూసుకోండి.

పృచ్ఛకుడు: నిజమే, ఆ మాట తప్పు. ‘అలలు వినుచు పొద్దు నంత మరచునట్టి’ అంటే గణాలు చెడవు, పొద్దును మరచిపోవడం మధ్యాహ్నానికి ముందైనా జరగవచ్చు.

మూడవ పూరణకర్త: విమర్శకు కృతజ్ఞతలు. విమానాశ్రయం నుండి మొదటిసారి మాలే రేవులో దిగినప్పుడు అమ్మకు ఫోను చేశాను. మన దోనెకు చుట్టంలా వినిపించే ‘దోని’ అన్న పడవ పేరు ఆమెకు చెప్పింది అప్పుడే. రెండు పాదాలు మార్చాను:

వచ్చినంత దెలిసె వారపు లెక్కయే
తారుమారటంచు తల్లి వినగ
దోని దిగుచు నంటి తోడనే నవ్వుచు
శుక్రవారమయ్యె సూర్యదినము

మొదటి పూరణకర్త: ఇప్పుడు ఈ పద్యం కువైట్‌కు తిరిగి వెళ్ళలేదు, అన్నగారూ.