తాగి కొట్టే భర్త: ఇల్లు వదిలి రావాలా, అక్కడే ఉండి కేసు వేయాలా?

నిజాంపేట అక్క:
మా చెల్లెలి గొడవ ఇది. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల పాప. భర్త రోజూ తాగుతాడు, ఏడాదిగా చేయి కూడా చేసుకుంటున్నాడు. విడాకులకు సిద్ధపడింది. ఫ్లాటు ఇద్దరి పేరా ఉంది, రుణమూ అంతే. వాయిదా మాత్రం దాని జీతంలోంచే పోతోంది. అమ్మేమో రేపే వచ్చేయమంటోంది. బాబాయి "గడప దాటితే ఇల్లు పోయినట్టే" అంటున్నాడు. ఎవరి మాట వినాలి?

గోరింట:
బాబాయి గారి మాటే. 2005 గృహహింస చట్టం 19వ సెక్షను కింద మేజిస్ట్రేటు భర్తనే బయటికి పొమ్మనవచ్చు. కొట్టినవాడు మంచం మీద, దెబ్బలు తిన్న మనిషి పిల్లను చంకనేసుకుని ఆటోలో! నేనైతే కదలను.

సైనిక్‌పురి పెద్దాయన:
కోర్టు దాకా ఎందుకమ్మా? ఎర్రగడ్డలో తాగుడు మాన్పించే వైద్యం ఉంది. పెద్దలు కూర్చుని ముందు అక్కడికి పంపండి.

గోరింట:
పంపండి పెద్దాయన గారూ, ఎవరు వద్దన్నారు? ఆయన మానేదాకా ఈమె దెబ్బలు తింటూ కూర్చోవాలా?

నల్లకోటు:
పదిహేనేళ్లుగా కుటుంబ కేసులు చూస్తున్నాను. గడప దాటితే ఇల్లు పోతుందన్నది అపోహ. ఆ చట్టంలో ఉమ్మడి నివాసమంటే ఆమె ఇప్పుడు ఉంటున్న ఇల్లే కాదు, ఎప్పుడైనా కాపురమున్న ఇల్లు కూడా. ఇక్కడ దస్తావేజులోనే ఆమె పేరుంది, ఇంకేమిటి భయం? గోరింట గారూ, మొదటి విచారణ మూడు రోజుల్లో, తీర్పు అరవై రోజుల్లో అని చట్టంలో ఉన్నమాట నిజమే. ఆచరణలో అంతకన్నా ఎక్కువే పడుతుంది. ఆ రాత్రులు ఎవరు కాపలా కాస్తారు?

గడప దాటితే నిజంగా పోయేవి కాగితాలు, బంగారం. దస్తావేజు నకలు, రుణ ఖాతా వివరాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, భర్త జీతం చీటీలు, పాప జనన ధ్రువపత్రం ముందుగా బయటికి చేర్చండి. పుట్టింటివారు పెట్టిన నగలు స్త్రీధనం. అవి అత్తగారి లాకర్లో ఉన్నా ఆమెవే. పెళ్లి ఫోటోలు దగ్గర పెట్టుకుని జాబితా రాయండి.

1955 హిందూ వివాహ చట్టంలో తాగుడు విడిగా కారణం కాదు, క్రూరత్వం కింద నిరూపించాలి. కొట్టినప్పుడల్లా 112కు ఫోను చేయాలి, ప్రభుత్వాసుపత్రిలో గాయాలు రాయించాలి. ఆ కాగితం ముందు పది మంది చుట్టాల సాక్ష్యం కూడా తేలిపోతుంది.

మియాపూర్ లెక్కల మాస్టారు:
రుణం వాయిదా ఆపేస్తే ఆయనకే బుద్ధి వస్తుంది కదా?

నల్లకోటు:
అలా చేయకండి. విడాకులతో బ్యాంకుకు పని లేదు, ఇద్దరినీ అడుగుతుంది. ఈమె రుణ పరపతి కూడా దెబ్బతింటుంది. తన ఒక్కదాని పేర కొత్త ఖాతా తెరిచి, జీతం అందులో వేయించుకుని, వాయిదా అక్కడి నుంచే కట్టాలి. ఫ్లాటులో తన వాటా ఎంతో తేల్చడానికి రేపు ఆ చెల్లింపులే పనికొస్తాయి. బీమా నామినీ కూడా మార్చమనండి.

భరణం కేసులో ఇద్దరూ ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రంలో చూపాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం ఉంది కనుక ఆమెకు తక్కువ రావచ్చు. పాప ఖర్చు వేరు, దాన్ని వదులుకుంటున్నట్టు ఎక్కడా సంతకం పెట్టవద్దు. రాజీకి వచ్చేవారు మొదట అడిగేది ఆ సంతకమే.

గోరింట:
వకీలు ఫీజుకు వెనకాడితే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్లమనండి. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితం. బాధిత మహిళల కోసం నగర పోలీసుల భరోసా కేంద్రం, 181 మహిళా హెల్ప్‌లైను కూడా ఉన్నాయి.

నిజాంపేట అక్క:
కాగితాల సంచి నిన్న రాత్రి మా ఇంటికి చేరింది. శనివారం ఆయన ఊరెళ్తాడట, ఆ రోజే బయలుదేరుతుంది. అమ్మ మాటే నెగ్గింది, బాబాయి అలిగాడు.

గోరింట:
సరే, ఒప్పుకున్నాను. ఫ్లాటు తాళం చెవి మాత్రం ఆయన చేతికి ఇవ్వవద్దని చెప్పండి.