సిరోంచ వైపు ట్రాక్టర్‌కు ఆర్‌టీకే జీపీఎస్ ఎవరైనా వాడుతున్నారా?

అన్నలూ, మాది గడ్చిరోలి జిల్లా సిరోంచ తాలూకా, ప్రాణహిత ఒడ్డు. నల్లరేగడిలో పత్తి, మిర్చి వేస్తాం. ఈసారి ట్రాక్టర్‌కు ఆటో స్టీరింగ్ కిట్ పెట్టించాలని మా తమ్ముడి పట్టుదల. డ్రిప్ పైపులు పరిచాక గుంటుక తోలేటప్పుడు సాలు జానెడు పక్కకు పోయినా పైపు తెగుతుంది మరి.

ఫోన్ జీపీఎస్ 3 నుంచి 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. పొలం కొలతకు సరే గానీ సాలుకు పనికిరాదు. జీపీఎస్‌ను సరిదిద్దే మన దేశపు ఉపగ్రహ సేవ గగన్ సిగ్నల్ అందుకున్నా మీటర్ల లెక్కే. 2-3 సెంటీమీటర్లలో రావాలంటే ఆర్‌టీకే ఉండాలి, అంటే ఒకచోట కదలకుండా పెట్టిన రిసీవర్ (బేస్) జీపీఎస్ తప్పును లెక్కగట్టి ట్రాక్టర్‌కు ఎప్పటికప్పుడు పంపే పద్ధతి. చిక్కంతా అక్కడే: ఆ సవరణ లెక్కలు (కరెక్షన్ డేటా) నెట్‌లో రావాలి, మా చేన్లో సిగ్నల్ ఒక్క గీత వస్తే పండగే. సర్వే ఆఫ్ ఇండియా సీఓఆర్ఎస్ స్టేషన్ల (ఎప్పుడూ నడిచే సర్కారు బేస్‌ల) సేవ మహారాష్ట్రలో ఉంది కదా, ఇటువైపు రైతులెవరైనా వాడారా? మధ్యలో నెట్ పోతే ట్రాక్టర్ ఎంతసేపు సాలు తప్పకుండా నడుస్తుంది?

లేక డాబా మీద సొంత బేస్ పెట్టుకుని రేడియోతో పంపడం నయమా? ఇంటికీ చేనుకూ నడుమ నాలుగు కిలోమీటర్లు, మధ్యలో చింతతోపు. డీలరేమో కిట్ అమ్ముకునే మాటే తప్ప ఇదేదీ తేల్చడు. వాడినవాళ్లు చెప్పండన్నా, వానలకు ముందే కొనాలి.