పెట్ స్కాన్‌లో నాయన మెదడు కూడా వెలుగుతోంది, చక్కెర పూర్తిగా ఆపేయాలా?

చెరకుతోట (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది చిత్తూరు జిల్లా ఐరాల దగ్గర పల్లె. నాయన నలభై ఏళ్లుగా బెల్లం వండుతున్నాడు. సంక్రాంతికి ముందు పెద్దపేగు క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ అయింది, ఇప్పుడు తిరుపతిలో కీమో నడుస్తోంది. పోయిన వారం పెట్ స్కాన్ తీశారు. సీడీ ఇంటికి తెచ్చి కంప్యూటర్‌లో వేసి చూశాను. కాలేయంలో చిన్న చుక్క వెలుగుతోంది, అది రిపోర్టులో ఉంది. కానీ తల మొత్తం దానికంటే ఎక్కువ వెలుగుతోంది! దాని గురించి రిపోర్టులో భయపడే మాట ఒక్కటీ లేదు. చూడటం మర్చిపోయారేమో అని టెన్షన్. రెండు రాత్రులుగా నిద్ర లేదు.

ఇంకొకటి. మా పెద్దమ్మ కొడుకు ఒక వీడియో పంపాడు. క్యాన్సర్ అంటే కణంలో శక్తి తయారుచేసే మైటోకాండ్రియా చెడిపోవడమేనట, అలాంటి కణం చక్కెర మీదే బతుకుతుందట, చక్కెర ఆపితే చచ్చిపోతుందట. అప్పటి నుంచి అన్నం, సంగటి, పండ్లు అన్నీ మాన్పించాం. నాయనకు షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వేసుకుంటాడు. అది కూడా రెట్టింపు చేయమంటున్నాడు అన్న. రెండు నెలల్లో 62 కిలోల మనిషి 54కు దిగాడు. నిన్న పెనం దగ్గర పాకం చూస్తూ కూర్చుండిపోయి, "నేను వండిందే నన్ను తింటోందా అమ్మా" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

పాఠాల_మేడం:

అమ్మా, నేను డాక్టర్‌ని కాను. తిరుపతిలో ఇరవై రెండేళ్లుగా డిగ్రీ పిల్లలకు బయోకెమిస్ట్రీ చెబుతున్నాను. మందుల సంగతి మీ డాక్టర్‌దే. కణం లోపలి సంగతి మాత్రం చెప్పగలను.

ముందు మెదడు. ఆ వెలుగు జబ్బు వల్ల కాదు. స్కాన్‌కు ముందు ఎక్కించింది ఎఫ్‌డీజీ, అంటే కొంచెం మార్చిన గ్లూకోజ్. కణం దాన్ని చక్కెర అనుకుని లోపలికి లాగుతుంది, తర్వాత అరిగించుకోలేదు, బయటికి పంపలేదు. అలా ఎక్కడ చిక్కుకుపోతే అక్కడ వెలుగు. మెదడు రోజంతా గ్లూకోజే తింటుంది కాబట్టి అందరి తలా అలాగే వెలుగుతుంది. మూత్రంలో పోతుంది కాబట్టి మూత్రాశయం కూడా వెలుగుతుంది. రిపోర్టులో 'ఫిజియొలాజిక్' అన్న మాట ఉందేమో వెతకండి. మామూలుగా ఉండాల్సిందే అని దానర్థం.

ఇక వీడియో. అందులో పాత నిజం ఒకటి ఉంది. 1920లలో జర్మనీలో ఓటో వార్‌బర్గ్ గమనించాడు: కణితి ముక్కలు పక్కన ఆక్సిజన్ ఉన్నా గ్లూకోజ్‌ను పూర్తిగా కాల్చకుండా లాక్టిక్ ఆమ్లంగా మార్చి పారేస్తున్నాయి. మీ గానుగలో చెరకును ఒక్క తిప్పు తిప్పి, సగం రసం ఉన్న పిప్పిని బయట వేస్తే ఎలా ఉంటుంది? అలాంటి దండగ. అలా చేస్తే ఒక గ్లూకోజ్‌కు మిగిలేది 2 ఏటీపీలు (కణం శక్తిగా ఖర్చుపెట్టుకునే అణువులు). మైటోకాండ్రియాలో పూర్తిగా కాలిస్తే దాదాపు 30 వస్తాయి. (ఆ ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి వేరుచేసినవారు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఈ పాఠం వచ్చినప్పుడల్లా ఆ పేరు చెప్పకుండా ఉండలేను.)

మైటోకాండ్రియా చెడిపోవడమే క్యాన్సర్‌కు మూలమని వార్‌బర్గ్ 1956లో కూడా రాశాడు. అక్కడే ఆయన మాట నిలవలేదు. చాలా క్యాన్సర్లలో మైటోకాండ్రియా బాగానే పనిచేస్తోంది, పైగా కణితికి అది లేకపోతే గడవదు. 2015లో ఒక ప్రయోగం చేశారు. మైటోకాండ్రియా డీఎన్ఏ లేకుండా చేసిన క్యాన్సర్ కణాలను ఎలుకల్లో పెడితే అవి వెంటనే పెరగలేదు. ఎలుక సొంత కణాల నుంచి ఆ డీఎన్ఏను తెచ్చుకున్నాకే పెరిగాయి! అదే ఏడాది ఇంకో సంగతి తేలింది. వేగంగా విభజన చెందే కణానికి మైటోకాండ్రియాలో జరిగే శ్వాసక్రియ శక్తి కోసమే కాదు, అస్పార్టేట్ అనే అమైనో ఆమ్లం తయారీకీ కావాలి. అది లేకపోతే కొత్త డీఎన్ఏ కట్టలేదు.

నాకు అన్నిటికంటే ముఖ్యం అనిపించేది వేరే ఉంది. కణం ఎప్పుడు చావాలో తేల్చడంలో మైటోకాండ్రియాకు పెద్ద పాత్ర ఉంది. దెబ్బతిన్న కణంలో దాని పొర తెరుచుకుని సైటోక్రోమ్ సి అనే ప్రోటీన్ బయటికి వస్తే కణం తనను తాను ముగించుకుంటుంది. కొన్ని క్యాన్సర్లు బీసీఎల్-2 అనే ప్రోటీన్‌ను పెంచుకుని ఆ తలుపుకు గడియ పెడతాయి. వెనెటోక్లాక్స్ అనే మందు ఆ గడియనే తీస్తుంది. 2016 నుంచి అది ఒక రకం రక్త క్యాన్సర్‌కు వాడుకలో ఉంది. కాబట్టి కణితి మైటోకాండ్రియాను పాడుచేసుకోదు, తనకు కావలసినట్టు నడిపించుకుంటుంది.

మీ నాయనకు ఇది చెప్పండి. ఆయన తినడం మానేసినా కాలేయం కండరాల్లోని ప్రోటీన్‌ను కరిగించి గ్లూకోజ్ చేస్తుంది. కణితికి గ్లూటమిన్ అనే అమైనో ఆమ్లం, కొవ్వు కూడా పనికొస్తాయి. కణితి ఆకలితో లేదు, ఆకలితో ఉన్నది ఆయన. ఆయన వండిన బెల్లం ఆయనకు ఏ ద్రోహమూ చేయలేదు.

కీటో_మిత్రుడు:

మేడం, మైటోకాండ్రియా లోపంతోనే క్యాన్సర్ వస్తుందనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు కదా? మెట్‌ఫార్మిన్ కూడా మైటోకాండ్రియా మీదే పనిచేస్తుంది.

పాఠాల_మేడం:

ఉన్నారు. లోపంతో పుట్టే కణితులూ ఉన్నాయి. మైటోకాండ్రియాలో పనిచేసే ఎస్‌డీహెచ్ అనే ఎంజైమ్ జన్యువులు దెబ్బతింటే పారాగ్యాంగ్లియోమా అనే నరాల దగ్గరి కణితి రావచ్చు. కానీ అవి అరుదు. ఆ కొన్నిటిని చూసి అందరినీ అదే గాటన కట్టలేం.

మెట్‌ఫార్మిన్ మైటోకాండ్రియాలో శక్తి తయారీ గొలుసులోని మొదటి కాంప్లెక్స్‌ను (ప్రోటీన్ల గుంపును) కొంత అడ్డుకుంటుంది, నిజమే. అందుకే షుగర్ లేని 3,649 మంది రొమ్ము క్యాన్సర్ రోగులతో పెద్ద ట్రయల్ చేశారు. సగం మందికి మెట్‌ఫార్మిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర. 2022లో ఫలితాలు వచ్చాయి. జబ్బు తిరగబెట్టకుండా అది ఆపలేకపోయింది. నాకూ బాధ వేసింది, ఎంతో ఆశపెట్టుకున్న మందు. అమ్మా, షుగర్ కోసం ఎంత రాశారో అంతే వేయండి. రెట్టింపు చేయొద్దు.

వార్డు_అక్క:

చెల్లీ, నేను పదకొండేళ్లుగా కీమో వార్డులో నర్సుని. 62 నుంచి 54 అంటే చాలా ఎక్కువ. బరువు తగ్గినవాళ్లు కీమోకు తట్టుకోలేరు, డోసు తగ్గించాల్సి వస్తుంది. రేపే డాక్టర్‌కు ఈ అంకె చెప్పు, డైటీషియన్‌ను అడుగు. మా దగ్గర గుడ్డు, పప్పు, పెరుగు, కొంచెం కొంచెంగా సంగటి పెట్టమంటారు. షుగర్ ఉంది కాబట్టి బెల్లం, స్వీట్లు అదుపులో ఉండాలి, అది వేరే లెక్క. ఒక పూట గ్లాసెడు జావ కూడా నయమే.

చెరకుతోట:

మేడం, 'ఫిజియొలాజిక్' మాట రెండో పేజీలో ఉంది! అది చదివి ఏడుపొచ్చింది. ఈ రోజు రాగిసంగటి, పప్పు పెట్టాను. సగం ముద్ద తిన్నాడు. మీరు చెప్పిందంతా ఫోన్‌లో చదివి వినిపించాను. "ఒక్క తిప్పుకే పిప్పి పారేస్తారా ఎవరైనా" అన్నాడు. అక్కా, మూడు నెలల తర్వాత మళ్లీ స్కాన్ అన్నారు. అప్పుడు ఉపవాసం ఉండాలి కదా, షుగర్ మాత్ర సంగతేంటి?

వార్డు_అక్క:

మామూలుగా ఆరు గంటలు ఏమీ తినకూడదు, మంచినీళ్లు తాగొచ్చు. మాత్ర గురించి స్కాన్ సెంటర్‌కు రెండు మూడు రోజుల ముందే ఫోన్ చేసి అడుగు. మెట్‌ఫార్మిన్ వేసుకునేవాళ్లకు పేగులు ఎక్కువగా వెలుగుతాయి, మీ నాయనది పేగు జబ్బే కాబట్టి వాళ్లకు ముందే తెలియాలి. కొన్నిచోట్ల 48 గంటల ముందు ఆపమంటారు. వాళ్లు చెప్పకుండా మీరుగా ఆపొద్దు.