‘స్వాధీనం చేసుకొన్నారు’ అని ఎప్పుడు రాయాలి?

సభ్యులందరికీ నమస్కారం. ఆక్రమణ, స్వాధీనం, జప్తు, కబ్జా అనే మాటలను పత్రికలు ఒకదాని బదులు ఒకటి వాడేస్తున్నాయనీ, ఇవి నిజంగా పర్యాయపదాలేనా అనీ కావలి నుంచి ఒక సభ్యులు అడిగారు. అయ్యా, ఇవి పర్యాయపదాలు కావని నా అభిప్రాయం. భూమి చేతులు మారిందన్న సంగతి నాలుగింటిలోనూ ఉన్నా, ఎవరు తీసుకొన్నారు, ఏ హక్కుతో తీసుకొన్నారు అన్న చోట అవి పూర్తిగా వేరుపడతాయి.

ముందుగా ‘స్వాధీనం’ చూద్దాం. తన అధీనంలో ఉండటమే దాని అర్థం. ఆ ఉండటం న్యాయమో అన్యాయమో ఆ మాట చెప్పదు. మన నెల్లూరు, ప్రకాశం వైపు పాత క్రయ దస్తావేజు దేన్ని తీసి చదివినా, సొమ్ము ముట్టిన వివరం రాసిన తరువాత ‘సదరు ఆస్తిని నేటి దినముననే మీ స్వాధీనము చేసినాము’ అన్న ధోరణిలో ఒక వాక్యం కనబడుతుంది. హక్కు బదలాయింపు ఒక సంగతి, పొలాన్ని చేతికి అప్పగించడం మరొక సంగతి అని దస్తావేజు లేఖరులకు బాగా తెలుసు కనుకనే రెండింటినీ విడివిడిగా రాశారు. స్వాధీన తనఖా, స్వాధీన రహిత తనఖా అన్న భేదం కూడా అక్కడి నుంచి వచ్చిందే: మొదటి దానిలో అప్పిచ్చినవాడు పొలం దున్నుకొంటాడు, రెండవ దానిలో సొంతదారే దున్నుకొంటాడు, హక్కు మాత్రం రెండు చోట్లా సొంతదారుదే. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, సొంతదారు ఎదుటే తనదంటూ ఒకడు బహిరంగంగా, ఎడతెగకుండా భూమిని అనుభవిస్తున్నా, సొంతదారు 12 ఏళ్లలోగా దావా వేయకపోతే ఆ భూమిపై అతని హక్కే పోతుంది. ప్రభుత్వ భూమి విషయంలో ఆ గడువు 30 ఏళ్లు. దీన్ని తెలుగులో ‘ప్రతికూల స్వాధీనం’ అంటున్నారు. హక్కు లేనివాడి చేతిలో ఉన్నప్పుడు కూడా అది స్వాధీనమే అని ఈ పేరే చెబుతోంది.

‘స్వాధీనం చేశాడు’ అంటే ఇచ్చాడు, ‘స్వాధీనం చేసుకొన్నాడు’ అంటే తీసుకొన్నాడు. దిక్కు తిప్పింది ‘కొను’ ఒక్కటే. దీన్ని సహాయక్రియ అని వ్యాకరణాలు పక్కన కూర్చోబెట్టాయి గాని, భూమిని గెలుచుకోవడానికి తెలుగులో మనకు దొరికే అతి పాత మాటల్లో ఇది ఒకటి, దానికి సాక్ష్యం కూడా మన నేల మీదే ఉంది. తూర్పు చాళుక్య రాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగడు సుమారు క్రీ.శ. 848లో వేయించిన అద్దంకి శాసనంలో, తరువోజ పద్యంలో, ‘కొట్టముల్ పండ్రెండు గొని’ అని ఉంది. బోయకొట్టాలు, అంటే బోయల స్థావరాలు, పన్నెండింటినీ గెలిచి తీసుకొన్నాడని దాని భావం. ఈనాటి పిల్లవాడు ‘పన్నెండు కొట్టాలు కొన్నాడు’ అని చదివితే డబ్బిచ్చి కొన్నాడనే అనుకొంటాడు. అదే పద్యంలో కట్టెపు దుర్గాన్ని ‘బయల్సేసి’, అంటే కోటను బయలుగా మార్చి, కందుకూరిని బెజవాడ అంతటిదిగా చేశాడని కూడా ఉంది. కూల్చడానికీ తీసుకోవడానికీ కవి వేరువేరు క్రియలు వాడాడని గమనించండి. పొరుగున తమిళంలోనూ ఇదే ధాతువు ఇదే పని చేసింది. మొదటి పరాంతకుని ‘మదురై కొండ’ బిరుదులోనూ, రాజేంద్రుని ‘గంగైకొండ చోళ’ బిరుదులోనూ ఉన్న ‘కొండ’ పర్వతం కాదు. ‘కొన్న’, అంటే పుచ్చుకొన్న, అని.

అద్దంకి శాసనం తరువాత ఏడు వందల ఏళ్లకు దగ్గరగా, 1514లో, కృష్ణదేవరాయలు గజపతుల చేతి నుంచి ఉదయగిరిని తీసుకొన్నప్పటి సంగతి చెప్పే శాసనాల భాష నాకు మరీ ఇష్టం. ఉదయగిరి దుర్గాన్ని ‘సాధించి’, అద్దంకి, వినికొండ మొదలైన దుర్గాలను ‘ఏకధాటిని గైకొని’, గజపతి కుమారుడు వీరభద్రుణ్ణి ‘జీవగ్రాహంగా పట్టుకొని’, అంటే ప్రాణాలతో పట్టుకొని, అని వాటిలో వస్తుంది. దీర్ఘకాలం ముట్టడించిన కోటకు సాధించడం, వరుసగా లొంగిన కోటలకు గైకొనడం, మనిషికి పట్టుకోవడం. మూడు పనులకు మూడు మాటలు ఎంచుకొన్న ఆ లేఖరి శ్రద్ధ ఈనాడు మన రాతలో కొరవడింది.

‘ఆక్రమణ’లో క్రమించడం, అంటే అడుగు వేయడం ఉంది. కాలు మోపి తనదనడం కనుక అందులో దౌర్జన్యపు ఛాయ ఎలాగూ ఉంది, దానికి మళ్లీ ‘అక్రమ’ చేర్చి ‘అక్రమ ఆక్రమణ’ అనవలసిన పని లేదు. పల్లెల్లో మాత్రం ఈ మాటను అర్జీల్లో తప్ప వాడరు, జరిగిన పనినే చెబుతారు. ‘గెనిమ (పొలం గట్టు) చెక్కి కలిపేసుకున్నాడు’, ‘చెరువు పోరంబోకు దున్నేసుకున్నాడు’, ‘బాటకు అడ్డం కంచె ఏసుకున్నాడు’. ఏటేటా దుక్కి వేళ గెనిమకు తన వైపు నిలబడి అవతలి వైపుకు పారతో ఒక పెడ్డ చొప్పున జరిపే పనిని ‘గెనిమ చెక్కడం’ చూపినంత స్పష్టంగా ‘ఆక్రమణ’ చూపలేదు. ఈ వాక్యాలన్నిటి చివరా మళ్లీ ఆ ‘కొను’ ఉందని వేరే చెప్పనక్కరలేదు.

జప్తు గురించి చెప్పవలసింది తక్కువ: అధికారం ఉన్నవారు, బాకీకో నేరానికో సంబంధించి, ఉత్తర్వుతో చేసేది జప్తు. పొరుగు రైతు జప్తు చేయలేడు.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి. ‘ప్రభుత్వం 50 ఎకరాలు స్వాధీనం చేసుకొంది’ అని వార్త రాస్తారు. రైతుల పట్టా భూమికి 2013 నాటి భూసేకరణ చట్టం కింద పరిహారమిచ్చి తీసుకొన్నారా, లేక పోరంబోకులో వెలసిన ఆక్రమణలను తొలగించి వెనక్కి తీసుకొన్నారా? మొదటిది భూసేకరణ, ఆ రైతు నష్టపోయినవాడు. రెండవది ఆక్రమణ తొలగింపు, అక్కడివాడు చట్టం దృష్టిలో తప్పు చేసినవాడు. ఓడరేవు కోసమో రోడ్డు కోసమో తాతల నాటి పొలం వదులుకొన్న మనిషి, ఈ ఒక్క మాట వల్ల చదివేవారి కంటికి ఆక్రమణదారుడిలా కనబడతాడు. రాజధాని అమరావతి కోసం రైతులు భూమి ఇచ్చి ప్లాట్లు తీసుకొనే పద్ధతికి ‘సమీకరణ’ అన్న వేరే మాట వాడుకలోకి తెచ్చారు కదా. అంత జాగ్రత్త మిగిలిన చోట్లా చూపవచ్చు.

ఇక ‘కబ్జా’ పరాయి మాట కనుక వదిలేయాలని ఇంకొక సభ్యులు రాశారు. వారితో నేను ఏకీభవించలేను. ఉర్దూలో కబ్జా అంటే స్వాధీనమే, తప్పొప్పుల ప్రసక్తి లేదు. తెలంగాణ పల్లెల్లో సొంత భూమి గురించి కూడా ‘నా కబ్జాలోనే ఉంది’ అంటారు. నెల్లూరు, ప్రకాశం వైపున అదే మాట దౌర్జన్యంగా లాక్కోవడం అన్న అర్థంలోనే స్థిరపడింది. మన రెవెన్యూ భాష చెన్నపట్నం నుంచి అడంగల్ (సాగు, అనుభవం వివరాలు రాసే గ్రామ లెక్క), పోరంబోకు వంటి మాటలతో వచ్చింది కాబట్టి, సామాన్యమైన అనుభవానికి ‘కబ్జా’ అవసరం ఇక్కడ కలగలేదు. అందుచేత మన జిల్లాల వార్తలో ‘కబ్జా’ అని రాయడమంటే ఒక మనిషిపై నేరం మోపడమే; అది రుజువయ్యే దాకా ‘ఆయన అనుభవంలో ఉంది’ అని రాయడం మేలు. తెలంగాణ వారి పాత పహాణీని, అంటే అక్కడి అడంగల్‌ను, మనం చదివేటప్పుడు మాత్రం ఆ మాటను చూసి ఎవరినీ అనుమానించకూడదు.