అప్‌డేట్: కళ్లలో ఇసుక పోసినట్టు మంట అని అడిగింది నేనే

అద్దాల నంబరు మారిందేమోనని కిందటి నెల అడిగాను కదా, మారలేదు. గవర్నర్‌పేటలో కంటి డాక్టరుకు చూపించుకుంటే కళ్లు పొడిబారాయన్నారు. మామూలుగా నిమిషానికి 15 సార్ల దాకా రెప్ప వేస్తామట. కంప్యూటర్ తెర ముందు అది సగానికి, ఇంకా కిందికి పడిపోతుంది. వేసినా పూర్తిగా మూయం. దాంతో కన్నీటి పొర ఆరిపోతుంది. నేను నమ్మలేదు. జీఎస్టీ లెక్కలు చేస్తుంటే మా ఆవిడ పక్కన కూర్చుని లెక్కపెట్టింది: నిమిషానికి నాలుగు!

బెజవాడ ఎండలో ఏసీ ఆపడం నా వల్ల కాదు, గాలి ముఖానికి తగలకుండా రెక్కలు పైకి తిప్పాను. మానిటర్ కింద ఎత్తుకు పెట్టిన పాత లెడ్జర్లు తీసేశాను. తెర కిందికి దిగితే రెప్ప కాస్త వాలి ఉంటుంది, తడి త్వరగా ఆరదు. రాసిచ్చిన చుక్కలు వేసుకుంటున్నాను. మూడు వారాలకు మంట బాగా తగ్గింది. పడుకుని ఫోను చూడటం మాత్రం ఇంకా మానలేదు.